మూడో సిలిండర్ దగ్గర ఒక ఆదివారం

ఆదివారం, రాత్రి.

నెల రోజులుగా మా పాత కారు ఆగి ఉన్నప్పుడు ఇంజన్ లయ తప్పుతోంది. నాలుగు దెబ్బలలో ఒకటి మింగేసినట్టుగా బండి మొత్తం సన్నగా వణుకుతుంది, వేగం అందుకోగానే ఆ వణుకు కనిపించకుండా పోతుంది. ప్లగ్గులు మార్చాను, వైర్లు మార్చాను, డిస్ట్రిబ్యూటర్ మూత కూడా మార్చాను. ఏ మార్పూ లేకపోవడంతో, సిలిండర్లను పైనుంచి మూసే హెడ్‌ను విప్పకుండా ఇంజన్ లోపలి సంగతి తెలుసుకునేందుకు ఈ రోజు కంప్రెషన్ పరీక్ష, అంటే ఒక్కొక్క సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతోందో కొలిచే పరీక్ష, పెట్టుకున్నాను.

ఉదయం ఇంజన్‌ను బాగా వేడెక్కనిచ్చి ఆపాను. చల్లటి ఇంజన్‌లో లోహం పూర్తిగా వ్యాకోచించదు, ఆయిల్ కూడా పిస్టన్ చుట్టూ ఉండే రింగుల దాకా సరిగా చేరదు కనుక అప్పుడు వచ్చే అంకెను నమ్మడానికి లేదు. అలాగని మరీ సెగలు కక్కుతున్నప్పుడు అల్యూమినియం హెడ్ నుంచి ప్లగ్గులు తీస్తే మరలు చెడిపోతాయన్న భయం ఉంది. అందుకని కాసేపు ఆగి, ప్లగ్గుల చుట్టూ ఉన్న దుమ్మును గాలితో ఊది, నాలుగింటినీ తీశాను. మూడో ప్లగ్గు మొన మాత్రం తడి మసితో నల్లగా ఉంది. తెరిచి ఉన్న రంధ్రాల నుంచి పెట్రోలు ఆవిరి బయటికి వస్తుంది కనుక నిప్పురవ్వ పుట్టకుండా ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిల్ కనెక్షన్ తీసేసి, పంపుకు వచ్చే పెట్రోలు పైపును కూడా విడదీసి మూశాను.

తాళం తిప్పే పని మా అబ్బాయికి అప్పగించి, ఒత్తిడి కొలిచే గేజి గొట్టాన్ని ఒక్కొక్క రంధ్రంలో బిగిస్తూ వెళ్లాను. వచ్చిన అంకెలు వరుసగా 88, 86, 60, 87 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత). చాలా పెట్రోలు ఇంజన్లలో 120 నుంచి 180 దాకా ఉండవలసిన చోట ఇవి చూసి, ఇంజన్ పని అయిపోయిందనే అనుకున్నాను. కొంతసేపు గేజి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాలుగు సిలిండర్లూ ఒకే తీరుగా అరిగిపోవడం కంటే పరీక్ష చేసినవాడు తప్పు చేసి ఉండడమే ఎక్కువ సంభవమని తర్వాత తోచింది. బ్యాటరీ రాత్రంతా ఛార్జింగులోనే ఉంది కనుక ఇంజన్ నెమ్మదిగా తిరగడం కారణం కాదు. వాల్వులు తెరుచుకునే వేళను నడిపే టైమింగ్ చైన్ జారి ఉంటుందా అని కూడా ఆలోచించాను. చివరికి తెలిసిందేమిటంటే, యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కి పట్టుకోమని మావాడికి నేను చెప్పనే లేదు. ఆ పెడల్‌తో తెరుచుకునే గాలి తలుపు, అంటే థ్రాటిల్, మూసి ఉంటే సిలిండర్‌లోకి గాలే సరిగా వెళ్లదు, వెళ్లని గాలిని పిస్టన్ ఎంత నొక్కినా ముల్లు ఎక్కడికి లేస్తుంది?

రెండోసారి పెడల్ నేలకు ఆనేలా తొక్కించి, ఒక్కొక్క సిలిండర్‌కు ఆరేసి దెబ్బలు తిప్పించాను. ఈసారి 152, 148, 104, 150 వచ్చాయి. అన్నిటిలో తక్కువ అంకె, ఎక్కువ అంకెలో మూడొంతులకు, అంటే 75 శాతానికి తగ్గకూడదన్న లెక్కన ఇక్కడ కనీసం 114 ఉండాలి. విచిత్రమేమిటంటే, తప్పుగా చేసిన మొదటి పరీక్షలోనూ మూడోది మిగిలినవాటికంటే ఇంచుమించు ఇదే నిష్పత్తిలో వెనకబడి ఉంది.

ముల్లు చివరికి ఎక్కడ ఆగిందన్నదానికంటే ఎలా ఎక్కిందన్నది నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది. మంచి సిలిండర్లలో మొదటి దెబ్బకే సగానికి పైగా లేచి, నాలుగైదు దెబ్బలలో పైకి చేరింది. రింగులు అరిగితే మొదట తక్కువగా మొదలై దెబ్బ దెబ్బకూ పెరుగుతూ పోతుంది, గాలిని లోపలికీ పొగను బయటికీ వదిలే వాల్వు కారుతుంటే తక్కువగా మొదలై ఇంచుమించు అక్కడే నిలిచిపోతుంది. మా మూడోది ఈ రెంటికీ మధ్యస్థంగా ప్రవర్తించింది. "నాన్నా, ఇంకా తిప్పమంటారా?" అని మావాడు అడిగేసరికి అది మళ్లీ 104 దగ్గరే ఆగి ఉంది.

ఒక చెంచాడు ఆయిల్ ప్లగ్గు రంధ్రంలో పోసి మళ్లీ చూశాను. ఆయిల్ రింగుల చుట్టూ చేరి సందులు మూస్తుంది కనుక దోషం రింగులదైతే అంకె బాగా పెరగాలి. 109 వచ్చింది. ఈ 5 పెరగడానికి ఏమైనా అర్థముందా అన్న సందేహంతో, బాగానే ఉన్న మొదటి సిలిండర్‌లోనూ అంతే ఆయిల్ పోస్తే అక్కడ 152 కాస్తా 160 అయింది. అంటే రింగుల మీద అనుమానం పోయినట్టే. సిలిండర్లకూ హెడ్‌కూ నడుమ ఉండే హెడ్ గ్యాస్కెట్ రెండు సిలిండర్ల మధ్య పోతే పక్కపక్కవి రెండూ కలిసి పడిపోతాయి, కానీ ఇటు రెండోదీ అటు నాలుగోదీ నిక్షేపంలా ఉన్నాయి, రేడియేటర్‌లో నీరూ తగ్గలేదు. ఇక మిగిలింది వాల్వు.

వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య ఉండే సందును ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే కొలవాలని మా బండి పుస్తకంలో ఉంది కనుక సాయంత్రం దాకా ఆగి వాల్వుల మూత విప్పాను. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ (పొగ పోయే) వాల్వు దగ్గర, సందులు కొలిచే ఫీలర్ గేజిలోని అతి పలచటి రేకు కూడా దూరలేదు. వాల్వు కూర్చునే సీటు అరిగేకొద్దీ వాల్వు పైకి జరుగుతుంది, రాకర్‌తో ఉండవలసిన సందు కరిగిపోతుంది, ఆఖరికి వాల్వు పూర్తిగా మూసుకోక వేడి వాయువులు దాని అంచు మీదుగానే బయటికి పోతాయి. సీటును తాకనిదే వాల్వుకు తన వేడిని దించుకునే ముఖ్యమైన దారి లేదు, అలా అంచు కాలుతుంది. సందు ఎక్కువైతే టకటకమని చప్పుడు వచ్చి మనిషిని హెచ్చరిస్తుంది. తగ్గితే ఇంజన్ మరింత నిశ్శబ్దమవుతుంది, నేనేమో ఆ నిశ్శబ్దాన్ని చూసి ఇన్నాళ్లూ మురిసిపోయాను.

సందు సర్ది, అన్నీ బిగించి, ఇంజన్‌ను మళ్లీ వేడెక్కించాను. ఉదయం పోసిన ఆయిల్ కాలిపోయేదాకా సైలెన్సర్ నీలిపొగ వదిలింది. తర్వాత ప్లగ్గులు మరోసారి తీసి చూస్తే మూడోది 131 చూపింది. హద్దు దాటి వచ్చింది గాని తోటివాటిని అందుకోలేదు, బహుశా అంచు కొంత కాలే ఉంటుంది. వణుకు చాలావరకు తగ్గింది, స్టీరింగ్ మీద చేయి వేస్తే ఇంకా లీలగా తెలుస్తోంది. వచ్చే నెల ఇదే పరీక్ష మళ్లీ చేసి, అంకె దిగితే హెడ్ విప్పాలి. ఈ రోజు తేదీని, నాలుగు అంకెలను, "పెడల్ తొక్కాలి" అన్న మాటను బండి పుస్తకం అట్ట వెనక పెన్సిల్‌తో రాసి పెట్టాను.