మెడలో బిళ్ళంటే టీబీయేనా?

మాది చీపురుపల్లి దగ్గర ఊరు. హెచ్‌ఐవీకి విజయనగరం ఏఆర్‌టీ సెంటర్‌లో మందులు తెచ్చుకుంటాను. రోజుకో మాత్ర. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, కనబడనంత తక్కువగానే ఉండేది. అలాంటిది మెడ పక్కన బిళ్ళలు కట్టాయి. సాయంత్రానికి జ్వరం, రాత్రి జాకెట్టు తడిసిపోయే చెమట.

ఒక ప్రైవేటు డాక్టరు సూదితో శాంపిల్ తీయించారు. ఏమీ తేలలేదు. అయినా “మీ జబ్బు ఉన్నవాళ్ళకి మెడలో బిళ్ళంటే టీబీయే అమ్మా” అని కోర్సు మొదలెట్టేశారు. నిజమే, చాలామందికి టీబీయే అవుతుంది. కానీ లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్‌లోనూ అదే జ్వరం, అదే చెమట, అలాగే చిక్కిపోవడం. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ వల్ల నా హెచ్‌ఐవీ మాత్రలోని డోలుటెగ్రావిర్ పనితనం తగ్గుతుందని ఏఆర్‌టీ సెంటర్‌లో రాత్రిపూట ఇంకో మాత్ర కలిపారు. మాత్రలూ పెరిగాయి, బిళ్ళా పెరిగింది.

మా అప్ప ఊరుకోలేదు. “మందుకి తగ్గాల్సింది పెరుగుతుందేటి డాక్టరమ్మా?” అని అడిగేసింది. ఆవిడ విశాఖ పంపారు. అక్కడ సూదితో సరిపెట్టకుండా బిళ్ళ మొత్తం కోసి తీశారు. సూదికి కాసిని కణాలే వస్తాయి, బిళ్ళ లోపలి అల్లిక చూస్తేగానీ లింఫోమా ఏ రకమో తెలియదట. డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమా, సీడీ20 పాజిటివ్ (క్యాన్సర్ కణాల మీద సీడీ20 అనే ప్రొటీన్ ఉంది) అని రిపోర్టు. తర్వాత ఎంతవరకు పాకిందో చూడ్డానికి పెట్ స్కాన్, మూలుగ పరీక్ష.

నా టెన్షన్ వేరే. కీమో అంటే హెచ్‌ఐవీ మందు ఆపమంటారేమోనని. “ఒక్క పూట కూడా మానొద్దు” అన్నారు డాక్టరు. జిడోవుడిన్ వాడేవాళ్ళకైతే మందు మారుస్తారట, అదీ కీమోలాగే రక్తం తగ్గిస్తుంది కాబట్టి. నాకు మార్చే పని పడలేదు. మూడు వారాలకొకటి చొప్పున ఆరుసార్లు ఆర్-చాప్ అనే కీమో మందుల కోర్సు ఎక్కించారు. అందులోని ఎర్రమందు ఎక్కాక మూత్రం ఎర్రగా వస్తుందని నర్సమ్మ ముందే చెప్పింది, లేకపోతే అక్కడే పడిపోయేదాన్ని. ఇన్ఫెక్షన్లు రాకుండా సెప్ట్రాన్ మాత్ర రోజూ వేసుకోవాలి. జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి రావాలి.

ఒకచోట నా జబ్బు పేరు ఎర్రసిరాతో పెద్దగా రాసి మంచానికి తగిలించారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ కోసం తెచ్చిన 2017 చట్టం ప్రకారం అది తప్పు. అప్ప చట్టం మాట ఎత్తకుండా షీటు తిప్పి పెట్టేసేది.

చివరి స్కాన్‌లో ఏమీ కనబడలేదు. మూడు నెలలకోసారి చూపించుకుంటున్నాను. కీమోలోని విన్‌క్రిస్టిన్ తెచ్చిన వేళ్ళ తిమ్మిరి పూర్తిగా పోలేదు. జాకెట్టు హుక్కులు ఇంకా అప్పే పెడుతోంది, గొణుక్కుంటూ.