గేటు ముందు బండి

పదకొండు దాటింది. పడుకున్నా నిద్ర రాలేదు, లేచి వచ్చేశాను. సాయంత్రం మలుపు దగ్గర జరిగిందే కళ్ళ ముందు తిరుగుతోంది.

మూడు వారాలుగా మా వీధి మొదట్లో ఒకామె బండి పెడుతోంది. పొద్దున ఇడ్లీ, సాయంత్రం బోండా. ఈరోజు ఆ మలుపింటామె బయటికొచ్చి, తన ప్రహరీ పక్కన బండి పెట్టొద్దంది. దారికి అడ్డమా అంటే కాదు. అక్కడ కాలువ ఉంది, వాళ్ళ కారు కూడా నిలవదు. "మా ఇంటి ముందు వద్దు, ఇంకెక్కడైనా పెట్టుకో" అంది. నూనె కాగుతోంది, ముగ్గురు పిల్లలు డబ్బులు పట్టుకుని నిలబడి ఉన్నారు. అంతలో మలుపింటామె నా వైపు తిరిగి "నువ్వు చెప్పు వదినా, ఈ వీధిలో పాతదానివి" అంది. నేను నోరు తెరవలేదు. బండామె నన్నే చూసింది. కొత్తిమీర కట్ట పట్టుకుని ఇంట్లోకి వచ్చేశాను.

ఇంట్లో చిన్నది ఎంబీఏ పుస్తకం ముందేసుకుని కూర్చుంది. వ్యాపారాలు ఒకేచోట ఎందుకు గుంపుగా పెరుగుతాయన్నది రేపటి సెమినారట. మార్షల్ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త 1890లోనే చెప్పాడట, అలాంటి చోట్ల పనిలోని కిటుకులు గాలిలోనే ఉంటాయని, పిల్లలకు తెలియకుండానే అబ్బుతాయని. "మాధవమాల చెక్క బొమ్మలు రాయి, కాళహస్తి కలంకారీ రాయి, నారాయణవనం, నగరి మగ్గాలు రాయి" అన్నాను. రాసుకుని, "అమ్మమ్మ పిండి వ్యాపారం కూడా రాయనా?" అంది. మామూలుగా అయితే ఆ మాటకు పొంగిపోయేదాన్ని. ఈరోజు విసుక్కున్నాను. అది ముఖం ముడుచుకుని వెళ్ళిపోయింది.

మా అమ్మ గ్రైండరు కొని, ఇంట్లోనే పిండి రుబ్బి వీధిలో వాళ్ళకు అమ్మేది. ఆ గ్రైండరు వెనక ఒక చీటీ కథ ఉంది. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఇదే తిరుపతి కొర్లగుంటలో ఇరవై మంది ఆడవాళ్ళు, నెలకు 500, ఇరవై నెలల చీటీ వేశారు. మూడో నెల పాట మా వసారాలోనే జరిగింది. మొదటి నెలల్లో చీటీ ఎత్తాలంటే రెండు వేలైనా తగ్గించి పాడాల్సి వచ్చేది. అమ్మ గొంతు సవరించుకుని "ఐదొందలు" అంది. ఎవరూ నోరెత్తలేదు. కూతురి పెళ్ళి పెట్టుకున్నామె కూడా కొంగు సర్దుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. అమ్మ చేతికి 9,500 వచ్చాయి. ఆ వారమే కోయంబత్తూరు గ్రైండరు దిగింది. నీళ్ళు ఎదురింటి బోరు నుంచి. గిన్నెలు ఎవరివి వాళ్ళే తెచ్చుకునేవాళ్ళు. మొదటి నెలంతా పిండి ఎండకు మధ్యాహ్నానికే పులిసిపోతుంటే, పక్కింటి అవ్వ వచ్చి ఉప్పు కలపకుండా అమ్మమంది, కుండకు తడిగుడ్డ చుట్టమంది.

అమ్మ ఖాతా పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. దేవస్థానం ఉద్యోగుల ఇళ్ళ లెక్క ఒకటో తారీఖుకు, ఆటో వాళ్ళది రోజూ రాత్రికి. ఎవరింట్లో జబ్బు ఉంటే ఆ పేరు దగ్గర చిన్న చుక్క, ఆ నెల అడగకూడదని. ఏ బ్యాంకుకు తెలుస్తాయి ఇవన్నీ? బస్టాండు దగ్గరో, గోవిందరాజస్వామి గుడి చుట్టూనో అమ్మేవాళ్ళకు వచ్చేది మళ్ళీ ఎప్పుడొస్తారో తెలియని యాత్రికులు. వీధిలో అమ్మేవాళ్ళకు రేప్పొద్దున మళ్ళీ అదే ముఖం. కాబట్టి అమ్మ వ్యాపారాన్ని నిలబెట్టింది వీధే.

ఇక్కడిదాకా రాసి, మంచినీళ్ళు తాగొచ్చి మళ్ళీ కూర్చున్నాను. పైన రాసింది అబద్ధం కాదు. కానీ నేను ఎప్పుడూ అక్కడే ఆపేస్తాను.

అమ్మ మొదలుపెట్టిన రెండేళ్ళకు వీధి చివర ఇంకొకామె పిండి మొదలుపెట్టింది. అద్దె ఇల్లు, వేరే కులం. ఆమె దగ్గర పూలు కొనేవాళ్ళు, కరివేపాకు కొనేవాళ్ళు, పిండి మాత్రం కొనలేదు. "తడిది కదా" అనేవాళ్ళు. అంతకు మించి ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఆమె పిండి అమ్మ పిండి కన్నా తెల్లగా ఉండేది, నేను చూశాను. చీటీలోకి ఆమెను పిలవలేదు. కిటుకులు గాలిలో ఉంటే ఆ గాలి ఆమె గుమ్మం దాకా వెళ్ళలేదు. మూడు నెలలకు గ్రైండరు అమ్మేసి వెళ్ళిపోయారు. ఆ ఇంటి పక్కన ఉండేవాళ్ళు తర్వాత అమ్మ దగ్గరికే గిన్నెలు తెచ్చారు. అమ్మ ఏమీ అనలేదు, పిండి కొలిచి ఇచ్చింది. నా స్కూలు ఫీజు ఆ డబ్బుతోనే కట్టింది.

అమ్మ మీద ఈ మాట రాయడం కష్టంగా ఉంది. అయినా రాయాలి.

సాయంత్రం వసారాలో మా ఆయన అన్నారు, వీధి వ్యాపారులకు 2014లోనే చట్టం వచ్చిందని. వీధి వ్యాపారుల విషయాలు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలట, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు. కరోనా ఏడాది, 2020లో, స్వనిధి అని పది వేల అప్పు కూడా పెట్టారు. బండామెకు వీధి వ్యాపారుల గుర్తింపు కార్డు ఉందో లేదో నేను అడగలేదు. నిజానికి ఆమె పేరు కూడా అడగలేదు. మూడు వారాలుగా నన్ను "అక్కా" అంటోంది. ఈరోజు ఆమెకు కార్డు కన్నా ముందు కావలసింది, అమ్మకు నలుగురిలో దొరికినటువంటి అండ, ఒక్క మాట. "ఉండనీ వదినా, ఎవరికి అడ్డం?" అంటే సరిపోయేది. పాతదాన్ని అన్నప్పుడు ఆ మాటకు ఎంత బరువుందో నాకు తెలుసు, అందుకే ఇంత బాధ.

మా గేటుకు ఎడమ పక్క బండి పట్టే చోటు ఉంది. ఆయన్ని లేపి చెప్పాను, స్కూటరు లోపల పెట్టండి అని. ఇప్పుడెందుకన్నారు. చెబితే విని, తాళం తీసుకుని వెళ్ళారు. మలుపింటామె రేపటి నుంచి నాతో మాట్లాడకపోవచ్చు, ఉగాదికీ జాతరకీ ఒకరింటికొకరం పోయే మనుషులం. ఆ టెన్షన్ కూడా ఉంది.

ఈ గొడవలో పప్పు నానబెట్టడం మర్చిపోయాను. పొద్దున ఇంట్లో టిఫిన్ లేదు. ఆరింటికల్లా మలుపు దగ్గరికి గిన్నె తీసుకుని వెళ్ళాలి. ఆమె వస్తే.