జీసీసీ ఆప్షన్లు: ముందు మొదటి అక్షరం చూడండి
మొన్న రాత్రి మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు, ఇంజనీరింగ్ సెకండియర్. "అన్నా, స్క్వేర్ రూట్ ప్రోగ్రామ్ నిన్న బానే పనిచేసింది, ఇవాళ అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అంటోంది, మ్యాథ్ డాట్ హెచ్ కూడా పెట్టాను" అని. ఏం మార్చావురా అంటే, నిన్న బ్రాకెట్లో 16.0 అని నేరుగా రాశాడంట, ఇవాళ స్కాన్‌ఎఫ్‌తో తీసుకుంటున్నాడు.

అక్కడే ఉంది విషయమంతా. నంబర్ కోడ్‌లోనే ఉంటే జీసీసీ (సీ ప్రోగ్రామ్‌ని రన్ అయ్యే ఫైల్‌గా మార్చే కంపైలర్) కంపైల్ చేసేటప్పుడే 4 అని లెక్కేసి పెట్టేస్తుంది, లైబ్రరీతో పనే ఉండదు. నంబర్ రన్ అయ్యేటప్పుడు వస్తే మాత్రం అసలు ఫంక్షన్ కావాలి, అది మ్యాథ్ లైబ్రరీలో ఉంటుంది, మ్యాథ్ డాట్ హెచ్ లాంటి హెడర్‌లో ఉండేది డిక్లరేషన్ ఒక్కటే, అంటే ఫలానా ఫంక్షన్ ఉందని చెప్పడమే. అసలుది దొరక్కపోతే వచ్చేదే అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్. ఆ లైబ్రరీని కలపమని చెప్పే మైనస్ ఎల్ఎం ఇవ్వరా అన్నాను. ఫైల్ పేరుకి ముందు ఇచ్చాడు, వాడిది ఉబుంటు, మళ్ళీ అదే ఎర్రర్. లింకర్ (కంపైలైన ముక్కల్నీ లైబ్రరీల్నీ కలిపేది) ఎడమ నుంచి కుడికి చూసుకుంటూ పోతుంది, లైబ్రరీ దగ్గరికొచ్చేసరికి దాన్లోది ఎవరికీ అవసరం పడకపోతే వదిలేసి వెళ్ళిపోతుంది. చివర్లో పెట్టించా, అయిపోయింది.

"ఇన్ని ఆప్షన్లు ఎలా గుర్తుంటాయన్నా" అన్నాడు. అన్నీ గుర్తుండక్కర్లేదు, ఏది ఏ గుంపుదో తెలిస్తే చాలు, మాన్యువల్ కూడా గుంపులుగానే ఉంటుంది. పెద్ద ఓ ఆప్టిమైజేషన్, చిన్న ఓ ఔట్‌పుట్ ఫైల్ పేరు, ఈ రెండూ కలిపేసుకోవద్దు. జీ డీబగ్గింగ్‌కి, ఎం ప్రాసెసర్‌కి, పెద్ద డీ, పెద్ద ఐ ప్రీప్రాసెసర్‌కి (కంపైల్‌కి ముందు హెడర్లు, మాక్రోలు చూసేది), చిన్న ఎల్ లింకర్‌కి. చిన్న ఎఫ్ మాత్రం కలగూరగంప, ఆప్టిమైజేషన్లూ దాన్లోనే, రన్ అయ్యేటప్పుడు తప్పులు పట్టుకునే శానిటైజర్లూ దాన్లోనే.

పెద్ద డబ్ల్యూ అంటే వార్నింగులు (డబ్ల్యూ ఎల్ కామా అని ఉంటే అది వార్నింగ్ కాదు, ఆ తర్వాతది లింకర్‌కి పంపమని). నాకు అన్నిటికంటే ముఖ్యమైన గుంపు ఇదే, కాలేజీల్లో మొదటి రోజే చెప్పాల్సింది కూడా ఇదే. వాల్ (పెద్ద డబ్ల్యూ పక్కన ఆల్) పేరులో ఆల్ ఉంది గానీ అన్ని వార్నింగులూ రావు, ఎక్స్‌ట్రా కూడా కలపాలి, అప్పటికీ షాడో (లోపలి వేరియబుల్ బయటి దాని పేరే పెట్టుకుంటే చెప్పేది) లాంటివి విడిగా అడిగితేనే వస్తాయి. 2014లో యాపిల్ ఎస్ఎస్ఎల్ (నెట్ కనెక్షన్లని భద్రంగా ఉంచేది) కోడ్‌లో గోటూ ఫెయిల్ అనే లైను పొరపాటున రెండుసార్లు పడి సర్వర్ డిజిటల్ సంతకం చెకింగే దాటిపోయింది కదా, ఇఫ్ కింద ఉన్నట్టు కనిపిస్తూ నిజానికి దాని కింద లేని అలాంటి లైన్లని పట్టుకునే వార్నింగ్ 2016లో జీసీసీ 6తో వచ్చింది, అది వాల్‌లోనే ఉంది. ఆ కాస్త టైప్ చేయడానికి బద్ధకిస్తే అది కూడా రాదు.

ఎం గుంపు దగ్గర జాగ్రత్త. నేనోసారి మార్చ్ ఈక్వల్స్ నేటివ్ (బిల్డ్ చేసే మెషీన్ ప్రాసెసర్‌కి తగ్గట్టు కోడ్ తయారుచేయమని) పెట్టి నా కొత్త లాప్‌టాప్‌లో బిల్డ్ చేసి పాత సర్వర్లో పెడితే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని చచ్చిపోయింది, ఆ ప్రాసెసర్‌కి లేని ఇన్‌స్ట్రక్షన్లు వాడేసింది మరి. కోడ్‌లో తప్పేంటా అని సాయంత్రమంతా వెతికా, కోడ్‌లో ఏమీ లేదు.

మావాడికి చివరగా ఒక కమాండ్ చెప్పా, జీసీసీ పక్కన మైనస్ మైనస్ హెల్ప్ ఈక్వల్స్ వార్నింగ్స్ అని కొట్టమని, ఆ గుంపు మొత్తం వస్తుంది. ఇప్పుడు అదే చదువుతున్నాడు, రోజుకో నాలుగు మెసేజ్‌లు వస్తున్నాయి.