అరిమత్సులో దారం కట్టిన రెండు రోజులు

మాది పోచంపల్లి. నాన్న చిటికి కడతారు, అంటే రంగు ఎక్కకుండా నూలుకి అక్కడక్కడా కట్లు వేస్తారు. అమ్మ ఆసు పోసేది, అంటే కట్టేముందు ఆ నూలుని మేకుల చుట్టూ చేత్తో అటూ ఇటూ తిప్పి పోసేది. నగోయాలో మాస్టర్స్‌కి వచ్చి ఎనిమిది నెలలైనా ల్యాబ్, హాస్టల్ తప్ప నేను చూసిందేమీ లేదు. ఒకరోజు జపనీస్ క్లాసులో టీచర్ ఒక నీలం తుండుగుడ్డ చూపించారు. దాని నిండా తెల్లటి సాలెగూళ్ళు. గీతల అంచుల్లో రంగు కొంచెం లోపలికి పాకి ఉంది. ఆ పాకుడు చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. కట్టి అద్దితే తప్ప అలా రాదు. ఎక్కడ చేస్తారని అడిగితే, "ఇక్కడే, అరిమత్సులో. రైల్లో ఇరవై నిమిషాలు" అన్నారు.

నేర్పేవాళ్ళు ఉన్నారని తెలిసి ఫోన్ చేయడానికే మూడు రోజులు పట్టింది. జపనీస్‌లో ఫోన్ అంటే నాకు టెన్షన్. చెప్పాల్సిన నాలుగు వాక్యాలూ కాగితం మీద రాసుకుని చదివాను. శనివారం పదింటికి రమ్మన్నారు.

స్టేషన్ నుంచి నాలుగడుగులు వేస్తే పాత తోకైదో రోడ్డు. ఒకప్పుడు ఎదోకీ (ఇప్పటి టోక్యో) క్యోతోకీ మధ్య నడిచిన దారి అది. రెండు వైపులా నల్ల పెంకుల ఇళ్ళు, గుమ్మాలకి వేలాడే నీలం తెరలు. ఊరు పుట్టింది 1608లో. దారి భద్రంగా ఉండాలని అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలిన ఒవారి సంస్థానం వాళ్ళు ఇక్కడ జనాన్ని స్థిరపడమన్నారు. భూమి సేద్యానికి పనికొచ్చేది కాదు. నగోయా కోట కట్టడానికి బుంగో ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళ దగ్గర కట్టి అద్దిన బట్ట చూసి, తకెదా షోకురో అనే ఆయన తుండుగుడ్డలు చేసి బాటసారులకి అమ్మడం మొదలుపెట్టాడని చెబుతారు. పంట పండని నేల మీద నాలుగు వందల ఏళ్ళుగా ఒక ఊరు దారం మీద బతికింది. ఆ మాట విన్నప్పుడు నాకు మా వీధే గుర్తొచ్చింది.

నేర్పిన ఆవిడకి డెబ్బై దాటి ఉంటాయి. సెన్సే, అంటే గురువుగారూ అని పిలిచాను. కుమో, అంటే సాలీడు కట్టు నేర్పమని అడిగాను. పీటకి నిలువుగా ఒక కర్ర, కర్ర కొసన సన్నటి కొక్కెం. బట్టలో ఒక చుక్క దగ్గర కొక్కేనికి తగిలించి, ఎడమచేత్తో చుట్టూ కుచ్చిళ్ళు సమంగా దగ్గరికి తీసుకోవాలి. కుడిచేత్తో మొదలు నుంచి కొస దాకా దారం చుట్టాలి. పూర్తయితే చిన్న కొమ్ములా నిలబడుతుంది. సెన్సే ఒకటి కట్టడానికి పది సెకన్లు కూడా పట్టలేదు. నాకు మొదటిది కట్టడానికి ఏడెనిమిది నిమిషాలు పట్టింది. కుచ్చిళ్ళు ఒకవైపు లావు, ఒకవైపు సన్నం. ఆవిడ ఏమీ అనకుండా విప్పేసి, నా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి దారం లాగి చూపించారు. ఎంత బిగించాలో మాటల్లో చెప్పలేదు. ఆ లాగుడు నా వేళ్ళకి తెలిసింది.

మా దగ్గర బట్టని కట్టరు, నేయకముందే నూలుని కడతారు. నాన్న సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు ముక్కలతో చిటికి కడతారు. కట్టిన చోట రంగు ఎక్కదు, విప్పి మళ్ళీ వేరేచోట కట్టి ఇంకో రంగులో ముంచుతారు. ఆ నూలు మగ్గం మీదికి వెళ్ళాకే డిజైన్ కనబడుతుంది. ఇక్కడ నేసిన బట్టనే కట్టి ముంచుతారు. ఇదంతా నాకొచ్చిన జపనీస్‌లో చెప్పి ఫోన్‌లో నాన్న ఫొటో చూపిస్తే, సెన్సే కళ్ళద్దాలు పైకి జరుపుకుని ఫొటో పెద్దది చేసి నాన్న చేతులే చూశారు.

ఆవిడ చెప్పిన ఒక సంగతి నన్ను చాలాసేపు వదల్లేదు. ఇక్కడ వందకి పైగా కట్టే పద్ధతులు ఉన్నాయట, కానీ ఒక మనిషికి ఒకటే విద్య. ఒకే బట్టకి నాలుగు రకాల కట్లు కావాలంటే అది నాలుగు ఇళ్ళు తిరిగి రావాలి. ఒక ఇంట్లో కట్టే చెయ్యి ఆగిపోతే ఆ కట్టు కూడా అక్కడితో ఆగిపోతుంది.

సాయంత్రానికి ఇరవై రెండు కట్టగలిగాను. వేలి మీద దారం కోసుకుని ఎర్రటి గీత పడింది. మిగతావి రేపు కట్టుకోమన్నారు. రాత్రి అమ్మకి వీడియో కాల్ చేస్తే మొదటగా అడిగింది, "గామె కండ్లు మంచిగనే ఉన్నయా బిడ్డా?" అని. ఒక చీర ఆసుకి చెయ్యి 9000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఈ పని చేసే యంత్రాన్ని తయారుచేసిన చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం మా ఇంటికి వచ్చాకే అమ్మ భుజం నొప్పి తగ్గింది. అందుకే ఎవరు పని చేస్తున్నా ఆమె ముందు ఒంటి సంగతే అడుగుతుంది.

ఆదివారం మధ్యాహ్నానికి పూర్తి చేశాను. నలభై ఎనిమిది కొమ్ములు. బట్ట ముడుచుకుపోయి గుప్పెడంత అయింది. రంగు వాళ్ళే వేసి పోస్టులో పంపిస్తారు. మామూలుగా దారాలు విప్పే పంపుతారట. నాది విప్పకుండా పంపమని బతిమాలాను.

మూడు వారాలకి పార్సిల్ వచ్చింది. నాన్నకి కాల్ కలిపి, ఫోన్ గోడకి ఆనించి, బట్టని రెండు చేతులతో పట్టి గట్టిగా లాగాను. దారాలు పటపటమంటూ తెగినట్టే ఊడిపోయాయి. ఒక్కొక్క సాలెగూడూ విచ్చుకుంటుంటే గొంతు పట్టేసి మాట రాలేదు. నాన్న కెమెరాకి దగ్గరగా పెట్టమన్నారు. చాలాసేపు చూశారు.

"రెండో వరుసల మూడోది దారం వదులు పట్టినవ్ బిడ్డా. రంగు లోపలికి వొయింది చూడు. కింది వరుస మాత్రం చెయ్యి కుదిరింది."

కింది వరుస ఆదివారం కట్టింది.