వృత్తి అన్న గడిలో

పదకొండు దాటింది. రేపు ఆదివారమే అయినా పదో తరగతికి స్పెషల్ క్లాసుంది, పడుకోవాలి. పడుకుంటే ఆ ఫారమే కళ్ళ ముందుకొస్తోంది.

కేవైసీ మళ్ళీ ఇవ్వాలని బ్యాంకు నుంచి మెసేజీలు వస్తున్నాయని మా సూపరింటెండెంటు గారు (అంటే మా ఆయనే) నిన్న రెండు ఫారాలు తెచ్చారు. ఇవాళ నాలుగో శనివారం, బ్యాంకు ఎలాగూ ఉండదు. సోమవారం ఇచ్చినా సరిపోతుంది. నేను బడి నుంచి వచ్చేసరికి మాత్రం రెండూ నింపేసి, ఆధార్ జిరాక్సులు పిన్ను కొట్టేసి, నేను సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో ఇంటూ మార్కు పెట్టి, టీపాయ్ మీద పేపర్ వెయిట్ కింద ఉంచారు. ఇక్కడ నేను రాసేవి చదివేవాళ్ళకి ఆయన పద్ధతి కొత్తేం కాదుగా. సంతకం పెట్టబోతూ ఊరికే ఓసారి పైనుంచి చూశాను. పేరు సరే. భర్త పేరు సరే. వృత్తి అన్న గడిలో రిటైర్డ్ అని ఉంది.

పొరపాటున ఆయన ఫారం పట్టుకున్నానేమో అనుకున్నాను. నాదే.

"ఇదేంటండీ?" అన్నాను. టీవీ మీంచి చూపు తిప్పకుండా, "ఇంకో పదహారు నెలలేగా, మళ్ళీ అప్పుడెళ్ళి మార్చుకోవడం ఎందుకని" అన్నారు.

1989లో చేరాను. ముప్పై ఆరేళ్ళు దాటిన సర్వీసు నీలం బాల్‌పెన్నుతో ఒక్క మాటలో అయిపోయింది. చాయ్ కూడా పెట్టకుండా పెరట్లోకెళ్ళి ఆరిన బట్టలు తీస్తూ కూర్చున్నాను. అంత కోపం ఎందుకొచ్చిందో నాకే తెలీలేదు. ఎందుకంటే (ఇది మీలో కొందరికి చెప్పాను) సంక్రాంతి నుంచీ నా బీరువాలో, పట్టుచీరల కింద, వీఆర్ఎస్ దరఖాస్తు, అంటే గడువుకి ముందే నా అంతట నేను రిటైరవుతానన్న కాగితం, ఉంది. నేనే రాసుకున్నది. ఎవరూ బలవంతం పెట్టలేదు. మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి కాబట్టి మార్చి మొదటి వారంలో ఇస్తే, జూన్ 12న బడులు తెరిచేనాటికి నేను ఇంట్లో ఉంటాను. తేదీ ఒక్కటే ఖాళీగా వదిలాను.

వెళ్ళిపోవాలనుకోవడానికి కారణాలు చాలానే ఉన్నాయి. మోకాళ్ళు. షేర్ ఆటోలో అటు ఎనిమిది కిలోమీటర్లు, ఇటు ఎనిమిది. పొద్దున్నే ఫోనుకి ముఖం చూపించి హాజరు వేయించుకోవడం, నెట్‌వర్కు లేకపోతే గేటు బయటికెళ్ళి ఎండలో ఫోను పైకెత్తి నిలబడడం. పాఠం చెప్పే టైము కంటే వివరాలు ఎక్కించే టైము ఎక్కువైపోయింది. సర్వీసులో ఉన్న టీచర్లు కూడా టెట్, అంటే టీచర్ల అర్హత పరీక్ష, పాసవ్వాలని పోయిన సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన దగ్గర్నుంచీ స్టాఫ్ రూములో టెట్ తప్ప ఇంకో మాట లేదు. అయిదేళ్ళ లోపు సర్వీసు మిగిలినవాళ్ళకి అక్కర్లేదన్నారు కాబట్టి నేను బతికిపోయాను. నా పక్క కుర్చీ ఆవిడకి యాభై మూడు. పిల్లలు చూడకుండా గైడుకి పాత న్యూస్ పేపరు అట్ట వేసి చదువుకుంటోంది. అక్టోబరులో మెగా డీఎస్సీ బ్యాచ్‌లో వచ్చిన కొత్తమ్మాయి ఆవిడకి సైకాలజీ చెబుతోంది. ఆ అమ్మాయి నన్ను "అమ్మా" అంటుంది. నేను ఉద్యోగంలో చేరేనాటికి వాళ్ళమ్మకే పెళ్ళి కాలేదట.

డబ్బు లెక్క కూడా వీఆర్ఎస్ వైపే ఉంది. మా పాత పెన్షన్‌లో 33 ఏళ్ళ సర్వీసుకి పూర్తి పెన్షన్, అంటే చివరి మూలవేతనంలో సగం. నాకు ఆ 33 ఏళ్ళు 2022లోనే దాటిపోయాయి. ఇక ఎన్నాళ్ళు చేసినా ఆ సగం ముప్పాతిక అవదు. "ఇంట్లో కూర్చున్నా సగం వస్తుంది. అంటే నువ్వు రోజూ ఆటో ఎక్కి వెళ్ళేది మిగతా సగానికే" అని మా సూపరింటెండెంటు గారు నోటుపుస్తకంలో గీత కొట్టి మరీ చూపించారు. ఇంక్రిమెంట్ల మాటెత్తితే వినబడనట్టు ఊరుకున్నారు.

ఆ నోటుపుస్తకం సంగతి చెప్పాలి. అసలు మంట అదే.

ఆయన దిగిపోయింది పోయిన మేలో. మొదటి నెల ఆఫీసు నుంచి రోజుకి నాలుగైదు ఫోన్లు వచ్చేవి, ఫలానా ఫైలెక్కడుంది సార్ అని. ఆగస్టుకల్లా వారానికి రెండు. దసరా తర్వాత ఒక్కటీ లేదు. ఫోన్ సౌండు మాత్రం ఇప్పటికీ పూర్తిగా పెంచే ఉంచుతారు. అప్పుడు మొదలైంది ఈ పుస్తకం. స్కేలు పెట్టి గళ్ళు గీశారు. తేదీ, మోటారు వేసిన టైము, కట్టిన టైము, పాలు, గ్యాస్ బండ మార్చిన రోజు, ఆఖరి గడి రిమార్కులు. ఓ రోజు ఆయన లేనప్పుడు తీసి చూశాను. "శ్రీమతి మోటారు కట్టుట మరచినది. 14 నిమిషములు." ఇంకోచోట "అల్లం ఉండగా మరల అల్లం కొనబడినది." కొనబడినదట! కొన్నది నేనే అని తెలిసి, నా పేరు రాయకుండా మర్యాద చేశారు కాబోలు.

లంచ్ క్యారేజీ ఆయనే సర్దుతున్నారు. అది మెచ్చుకోవాల్సిందే, కాదనను. కానీ వారానికి నాలుగు రోజులు ఆనపకాయ. అయ్యకోనేరు గట్టు మీద వాకింగ్ బ్యాచ్‌లో ఎవరో బీపీకి మంచిదన్నారట. ఆ బ్యాచ్ అంతా రిటైరైనవాళ్ళే. పెన్షన్‌లో నలభై శాతం కమ్యూట్ చేసి, అంటే ఒకేసారి మొత్తంగా, ముందే తీసేసుకున్నవాళ్ళు, అది తిరిగి కలవడానికి పదిహేనేళ్ళు పడుతుందని వేళ్ళ మీద లెక్కేసుకుంటూ తిరుగుతారు. ఈయనకి అది 77వ ఏట. అందుకే ఆనపకాయ. గ్రాట్యుటీ బిల్లు ఇంకా ఎక్కడో తిరుగుతోంది. ముప్పై ఏళ్ళు జనం బిల్లుల మీద "మరల పరిశీలించి సమర్పించగలరు" అని రాసిన చెయ్యి కదా, ఆ ఉసురేనని ఓసారి నోరు జారాను. రెండు రోజులు మాట్లాడలేదు.

జనవరి మొదటి వారంలోనే వెళ్ళి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చొచ్చారు. వేలిముద్ర పడకపోతే కనుపాప తీశారట. ఇంటికొచ్చి రిమార్కుల గడిలో "జీవించియున్నట్లు ధ్రువీకరించబడినది" అని రాశారు. దానికి మాత్రం నాకు నవ్వు రాలేదు. దాని గడువు ఇవాళే, ఫిబ్రవరి 28.

ఆ తారీఖు వింటే మా పుట్టింట్లో ఇంకోటి గుర్తొస్తుంది.

1983. ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయి నెల తిరిగేసరికి ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55కి దించేశారు. అప్పటికే 55 నిండినవాళ్ళంతా ఆ నెలాఖరుకి ఇంటికెళ్ళిపోవాలి. ఇరవై రోజుల వ్యవధి. రాష్ట్రం మొత్తం మీద ప్రభుత్వోద్యోగులే 18 వేలకు పైగా ఒక్క రోజున దిగిపోయారు. వాళ్ళలో మా నాన్న ఒకరు. తాలూకా ఆఫీసులో యూడీసీ, అంటే సీనియర్ గుమాస్తా. కాగితాల మీద పుట్టింది 1927 జూలై 1. అసలు ఎప్పుడు పుట్టారో మా నానమ్మకే తెలీదు, బళ్ళో వేసినప్పుడు మాస్టారు అలా రాశారు. మా ఇంట్లో అందరం జూలై ఒకటినే పుట్టాం లెండి. అమ్మ లెక్క ప్రకారం నేను పుట్టింది దసరా వెళ్ళాక, విజయనగరం పైడితల్లమ్మ జాతరలో సిరిమాను తిరిగిన మర్నాడు. బళ్ళో చేర్చుకోవాలంటే అయిదేళ్ళు నిండాలని మా మాస్టారు నన్ను ఏడాది మూడు నెలలు పెద్దదాన్ని చేశారు. ఒకటో తారీఖున పుట్టినవాళ్ళు అంతకు ముందు నెలాఖరుకే దిగిపోవాలి. అలా నేను దిగిపోవాల్సిన జూన్ 30 ఏ ప్రభుత్వమూ అనుకోకముందే ఆ మాస్టారి పెన్నులోంచి వచ్చేసింది.

ఆ ఫిబ్రవరి 28 సోమవారం. నాన్న ఆఫీసులో ముగ్గురు దిగిపోతున్నారు. అన్ని ఆఫీసుల వాళ్ళూ ఒకేసారి పూలకి ఎగబడితే దండలు ఎక్కడ దొరుకుతాయి? ఒక్క బంతిపూల దండ దొరికిందట. అదే ముందు ఒకాయన మెడలో వేసి, తీసి, రెండో ఆయనకి వేసి, ఆఖర్న నాన్నకి వేశారు. తీసే పని లేదు కాబట్టి ఆయన మెడలోనే ఉండిపోయింది. ఆ దండతోనే సైకిల్ తొక్కుకుంటూ ఇంటికొచ్చారు. సగం రేకలు దారిలోనే రాలిపోయాయి, మిగతావి చొక్కాకి అంటుకుని పసుపు మరకలు. అమ్మ వాకిట్లో ఉంది. "ఇదేటి, పెళ్ళికొడుకులాగ..." అని నవ్వబోయి ఆగిపోయింది. వైశాఖంలో అప్ప పెళ్ళి. ముహూర్తం పెట్టేశారు.

వారం తిరక్కుండా నాన్న తాలూకా ఆఫీసు గేటుకి ఎదురుగా చింతచెట్టు కింద ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నారు, అర్జీలు రాయడానికి. అర్జీకి రెండు రూపాయలు. ఆ అర్జీలు గేటు దాటి లోపలికెళ్ళి చేరేది ఆయన ఖాళీ చేసిన సీటుకే. నేను కాలేజీకి వెళ్ళే బస్సు ఆ చెట్టు ముందు నుంచే పోయేది. చెట్టు వచ్చేసరికి రెండో వైపు కిటికీలోకి చూసేదాన్ని. పక్కనున్న పిల్లలకి ఆయన మా నాన్నని తెలీకూడదని. 1984లో మళ్ళీ 58 చేశారు. అప్పటికి ఆయనకి 57. దిగిపోయినవాళ్ళ సంగతేంటని సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. అది తేలేసరికి 58 కూడా నిండిపోయాయి.

ఇన్నాళ్ళూ ఈ కథని నేను ఒకే రకంగా చెప్పుకుంటూ వచ్చాను. నాన్న దగ్గర మూడేళ్ళు లాక్కున్నారు, అవమానించారు అని. నాకేమో రిటైర్మెంట్ వయసు పెంచి 2014లో రెండేళ్ళు, 2022లో ఇంకో రెండేళ్ళు, అడక్కుండానే చేతిలో పెట్టారు. పాత 58 ఉండుంటే 2023లోనే ఇంట్లో ఉండేదాన్ని. నాన్న దగ్గర తీసుకున్నది నాకు వడ్డీతో తిరిగొచ్చినట్టు లెక్క. అలాంటిదాన్ని వద్దని రాసి బీరువాలో పెట్టుకోవడమేంటని సంక్రాంతి నుంచీ లోపల పీకుతూనే ఉంది.

సాయంత్రం అప్పకి ఫోన్ చేశాను, ఫారం గొడవ చెప్పి కాస్త ఈయన్ని తిట్టించుకుందామని. మాట నాన్న మీదకి వెళ్ళింది. "ఎంత అవమానమే అప్పా" అన్నాను. అప్ప కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నేను పెళ్ళయ్యేదాకా రోజూ ఆ చెట్టు దగ్గరికి మజ్జిగ పట్టుకెళ్ళానే. నువ్వు ఒక్కసారైనా వచ్చావా?" అంది.

రాలేదు.

"సీట్లో ఉన్నన్నాళ్ళూ ఎవులొచ్చినా రేపు రా అనేవోరు నాన్న. చెట్టు కిందకొచ్చాక ఒక్కడినీ రేపు రమ్మనలేదు. ఆకుపోకలేసుకుని నవ్వుతా రాసేవోరు."

"రెండ్రూపాయల కోసంలే" అన్నాను నేను. ఆ మాట ఎందుకన్నానో! అప్పకి కోపమొచ్చి, కుక్కర్ కూసిందని పెట్టేసింది. కుక్కర్ కూత నాకేం వినబడలేదు.

అప్పట్నుంచీ ఆలోచిస్తుంటే ఈ వీఆర్ఎస్ కాగితం మీద నాకే అనుమానమొస్తోంది. నేను బడి మానేసి ఏం చేద్దామనుకున్నాను? అందులో తేదీతో పాటు అది కూడా ఖాళీయే. వీణ నేర్చుకుంటానని ఇక్కడ రాసింది నేనే, నిజమే. బొబ్బిలి నుంచి వీణ తెప్పించుకోవడం దాకా ఆలోచించాను గానీ రోజూ ఎన్నింటికి కూర్చుని వాయిస్తానో ఆలోచించలేదు.  ఇంట్లో ఉంటే మేమిద్దరం, ఒక మోటారు. ఒక మోటారుకి ఇద్దరు కాపలా అక్కర్లేదు.

అలాగని బడిలో నేను లేకపోతే ఏదో ఆగిపోతుందన్న భ్రమ కూడా లేదు. మధ్యాహ్న భోజనం వండే ఆవిడ నా వీఆర్ఎస్ సంగతి ఎవరి దగ్గరో విని మొన్న అడిగింది, "ఏటమ్మా, ఎల్లిపోతన్నారట?" కళ్ళు తడిశాయేమోనని చూశాను. "అయితే ల్యాబ్ బీరువా తాళాలు ఎవులికిస్తారమ్మా? నా కొత్త గిన్నెలు అందులోనే ఉన్నాయి" అంది.

ఇవాళ మూడో పీరియడ్‌లో ఒకటి జరిగింది. వెనక బెంచీలో ఒకడున్నాడు. ఏడాదంతా కిడ్నీలో ఉండే నెఫ్రాన్ బొమ్మ గీయమంటే జిలేబీ గీసేవాడు. ఇవాళ బోర్డు మీద, చూడకుండా, గ్లోమరులస్ దగ్గర్నుంచి సేకరణ నాళం దాకా గీసి భాగాలు కూడా రాశాడు. హెన్లీ శిక్యం దగ్గర ఆగి, నా వైపు చూసి, మళ్ళీ గీశాడు. చేతికి సుద్ద దులుపుకుని వెళ్ళి కూర్చున్నాడు. అంతే. కానీ ఆ సంగతి ఇంటికొచ్చి చెబుదామనుకుంటూ ఆటో దిగితే, టీపాయ్ మీద ఆ ఫారం కనబడింది.

అన్నం తిన్నాక వైట్‌నర్ పెట్టి రిటైర్డ్ చెరిపాను. ఆరకుండానే దాని మీద రాయబోతే కాగితం చిరిగి గడి మధ్యలో చిల్లు పడింది. ఆయన చూశారు. "సోమవారం ఇంకో ఫారం తెస్తాలే" అన్నారు. "నేనే నింపుకుంటాను" అన్నాను. "సరే" అన్నారు. తర్వాత కాసేపాగి, "పెన్సిల్‌తో ఇంటూ అయినా పెట్టొచ్చా?" అని అడిగారు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

బీరువాలో కాగితం అలాగే ఉంది. మార్చి మొదటి వారం ఎల్లుండి నుంచే. ఇస్తానో లేదో... లోపల్నుంచి పిలుస్తున్నారు. మోటారు కట్టావా అంటున్నారు. ఇందాకట్నుంచి వినబడుతున్న చప్పుడు వాన అనుకుంటున్నాను. ఫిబ్రవరిలో వానేంటి నా మొహం!

ఆయనే లేచి వెళ్ళి కట్టొచ్చారు. ఏమీ అనలేదు. లైటు వేసి పుస్తకం తీస్తున్నారు.