శవానికి నంబరు పడకముందే గొయ్యి తవ్వొద్దు

యుద్ధంలో మృతుల గౌరవం అనగానే అంగాలు కోయడం, శవాల పక్కన నిలబడి ఫోటోలు దిగడం లాంటి ఘోరాలే గుర్తొస్తాయి. అవి యుద్ధ నేరాలే, అందులో సందేహం లేదు. కానీ మృతుడి పేరు శాశ్వతంగా పోయేది చాలాసార్లు క్రూరత్వం వల్ల కాదు, తొందర వల్ల. శవాలు కుళ్లితే ఊరంతా రోగాలొస్తాయన్న భయమే ఆ తొందరకు మూలం.

ఆ భయానికి పెద్దగా ఆధారం లేదు. తూటాకో బాంబుకో పోయినవాళ్ల ఒంట్లో అంటురోగం ఉండే అవకాశం బతికున్న జనంలో కంటే ఎక్కువేమీ కాదు. కలరా, ఎబోలా లాంటివైతే సంగతి వేరు, వాటికి ప్రత్యేక జాగ్రత్తలున్నాయి. మామూలుగా శవాలు మోసేవాళ్లకు గ్లవ్స్, బూట్లు ఉండి, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. శవాల మీద సున్నం చల్లడం మాత్రం శుద్ధ దండగ. కుళ్లడం ఆగదు, క్రిములు చావవు.

ఇక చట్టం. యుద్ధంలో గాయపడినవాళ్ల రక్షణ కోసం దేశాలు కుదుర్చుకున్న 1864 నాటి తొలి జెనీవా ఒప్పందంలో మృతుల ఊసే లేదు. ఆ ఊసు 1906 నాటి ఒప్పందంలో వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది 1949లో కుదిరిన నాలుగు జెనీవా ఒప్పందాల్లో మొదటిది, అందులో 15, 16, 17 అధికరణలు. మృతుల కోసం వెతకాలి, వాళ్లను ఎవరూ దోచుకోకుండా చూడాలి. పేరు, సైనిక సంఖ్య, పుట్టిన తేదీ, ఎప్పుడు ఎక్కడ పోయాడు, ఏ గాయంతో పోయాడు అన్నవి నమోదు చేసి అవతలి పక్షానికి చేరవేయాలి. ఖననమైనా దహనమైనా వీలైనంతవరకు విడివిడిగా జరగాలి, దానికి ముందు శవాన్ని పరీక్షించాలి. ఆ పరీక్ష వీలైతే వైద్యుడే చేయాలి. నిజంగా చనిపోయాడా, ఎవరు అన్నవి తేలాలి. దహనం మృతుడి మతాన్ని బట్టి గానీ, ఆరోగ్యపరంగా తప్పనిసరైతే గానీ కుదరదు. దహనం చేస్తే కారణం మరణ పత్రంలో వివరంగా రాయాలి. ఈ చివరి నియమం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఆధారాలు మాయం చేయడానికి దహనాన్ని వాడుకోకుండా అడ్డుపడేది ఇదే.

"వీలైనంతవరకు" అన్న మాటను వైద్య సిబ్బంది సాకుగా తీసుకోకూడదు, అలాగని దానికి భయపడనూ అక్కర్లేదు. గాయపడినవాడు పక్కన మూలుగుతుంటే శవం ఆగాల్సిందే, అందులో తప్పులేదు. ఆగడం వేరు, వదిలేయడం వేరు.

పనిలోకి వస్తే, మొదట ముట్టుకోవద్దు. శవాల కింద బాంబులు అమర్చడాన్ని 1980 నాటి ఆయుధాల ఒప్పందం నిషేధించింది, అయినా పేలుడు పదార్థాల బృందం చూసి సరే అన్నాకే కదపాలి. తర్వాత నంబరు: చోటు, బృందం, వరుస సంఖ్య కలిపి ఒకటి. తడికి చెరగని సిరాతో రాసి శవానికి ఒకటి, సంచికి ఒకటి కట్టాలి. విడిగా దొరికిన చెయ్యికో కాలికో దాని నంబరు దానికే. "ఇది ఆ శవానిదే అయ్యుంటుంది" అని అక్కడికక్కడే కలిపేశారంటే ఆ పొరపాటును తర్వాత విడదీయడం నరకం. జేబులోని వస్తువులు శవంతోనే ఉండాలి.

ఫోటోల్లో నంబరు కనిపించి తీరాలి. నిలువెత్తు ముందు భాగం, తుడిచిన ముఖం, మచ్చలు, పచ్చబొట్లు, బట్టలు తీయాలి. ఎండ ప్రాంతాల్లో 12 నుంచి 48 గంటల్లో ముఖం గుర్తుపట్టలేనట్టు మారిపోతుంది కాబట్టి ఫోటోలను రేపటికి వాయిదా వేయకూడదు. నిల్వకు 2 నుంచి 4 డిగ్రీలు కావాలి. ఫ్రీజర్ లేకపోతే ఒక్కో శవానికి రోజుకు సుమారు 10 కిలోల డ్రై ఐస్ (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్) పడుతుంది. దాన్ని శవం మీద పెట్టకూడదు, ఒళ్లు పాడవుతుంది. ఓ ఇరవై శవాల చుట్టూ అర మీటరు గోడలా పేర్చి టార్పాలిన్ కప్పాలి. మూసిన గదిలో ఈ పని చేస్తే దాన్నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ మనుషుల ప్రాణాలకే ముప్పు.

అదీ లేకపోతే తాత్కాలిక ఖననం. లోతు మీటరున్నర, తాగునీటికి కనీసం 200 మీటర్ల దూరం, ఒకే వరుస, శవానికీ శవానికీ 40 సెంటీమీటర్ల ఎడం. ఒకదాని మీద ఒకటి వేయొద్దు. ఎక్కడ ఏ నంబరు ఉందో పటం గీసి పెట్టాలి.

ఇంత చాదస్తం ఎందుకంటే ఫాక్‌లాండ్స్ దీవులు చూడండి. వాటి కోసం బ్రిటన్, అర్జెంటీనాల మధ్య జరిగిన 1982 యుద్ధం ముగిశాక ఒక బ్రిటిష్ అధికారి అర్జెంటీనా సైనికుల శవాలను సేకరించి, ఎవరు ఎక్కడ దొరికారో రాసుకుని, జాగ్రత్తగా చుట్టి అక్కడి డార్విన్ శ్మశానంలో పాతిపెట్టారు. చాలామంది పేర్లు అప్పుడు తెలియలేదు. 2017లో రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ 121 సమాధులు తవ్వితే 122 మంది దొరికారు. ఆ ఏడాది చివరికే డీఎన్ఏ ద్వారా 88 మంది పేర్లు తేలాయి. 35 ఏళ్ల నాటి ఆ శ్రద్ధ వల్లే ఆ పని సులువైంది. బోస్నియా యుద్ధంలో సామూహిక హత్యలు జరిగిన స్రెబ్రెనిత్సాలో మృతుల విషయంలో జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. సాక్ష్యం దాచడానికి 1995లో సమాధులను యంత్రాలతో తవ్వి వేరే చోట్లకు తరలించారు, దాంతో ఒకే మనిషి ఎముకలు రెండు మూడు గోతుల్లో బయటపడ్డాయి.

ముఖం చూసి బంధువులు "మావాడే" అంటే చాలదు. షాక్‌లో ఉన్నవాళ్లు పొరబడతారు. వేలిముద్రలు, పళ్లు, డీఎన్ఏ నమ్మదగినవి. ఒక్క శవం తప్పు ఇంటికి వెళ్లిందంటే మోసపోయేది రెండు కుటుంబాలు.

వైద్యుడి నీతికి అసలు పరీక్ష మరణ కారణం రాసేచోట ఎదురవుతుంది. "గుండె ఆగి మరణం" అన్నది కారణం కాదు, చనిపోయిన ప్రతివాడి గుండే ఆగుతుంది. మణికట్టు మీద తాడు గుర్తులుంటే రాయాలి, దగ్గర నుంచి కాల్చిన మసి ఉంటే రాయాలి. తెలియకపోతే తెలియలేదని రాయాలి. పై అధికారి చెప్పాడని మార్చకూడదు. చట్టవిరుద్ధ మరణం అనుమానమున్నచోట 2016లో సవరించిన మిన్నెసోటా ప్రొటోకాల్ అనే ఐక్యరాజ్యసమితి మార్గదర్శి పరీక్ష పద్ధతిని వివరంగా చెబుతుంది. తెల్లకోటు రక్షణ కాదనడానికి 1947లో జర్మనీలోని డాఖౌలో అమెరికా సైనిక కోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. తన దవాఖానాకు వచ్చిన అమెరికన్ వైమానికుడి శవం తల నరికి, ఉడికించి, పుర్రెను బల్ల మీద పెట్టుకున్న జర్మన్ సైనిక వైద్యాధికారికి పదేళ్ల జైలు పడింది.