ఐసీసీకి కంప్లైంట్ ఇచ్చాను – నా అనుభవం

నిన్న సాయంత్రం ఐసీసీ, అంటే మా కాలేజీలో లైంగిక వేధింపుల కంప్లైంట్లు చూసే కమిటీ, ఎంక్వైరీ రిపోర్ట్ చేతికొచ్చింది. ఆరోపణ రుజువైంది అని చివరి పేజీలో ఉంది, ఆ ఒక్క ముక్కే పదిసార్లు చదువుకుని హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను. ఆ వేడి మీదే రాసేస్తున్నా, ఎందుకంటే నేను తిరిగిన రోజుల్లో ఇవన్నీ తెలుగులో చెప్పేవాళ్లు నాకు ఒక్కరూ దొరకలేదు.

జరిగింది మొత్తం రాయను. నా ప్రాజెక్ట్ చూసే సారు, ల్యాబ్‌లో రీడింగులు చూపిస్తానంటూ పక్కన నిలబడి చెయ్యి వేసేవాడు. మూడోసారి తోసేశాను. మర్నాటి నుంచి నా రికార్డ్ మీద సంతకం ఆపేశాడు. ఇంతకంటే ఎక్కువ కమిటీకి తప్ప ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.

కంప్లైంట్ రాయడం ఒక్క రాత్రి పని. జరిగిన 3 నెలల్లోపు ఇవ్వాలి, ఆలస్యమైతే కారణం రాసి అడిగితే ఇంకో 3 నెలలు ఇవ్వొచ్చు. నేను ఆరు వారాలు లోపల్లోపలే నలిగి అప్పుడు రాశా. తేదీ, టైమ్, ఆ టైమ్‌లో ల్యాబ్‌లో ఎవరున్నారు, ఆయన పంపిన మెసేజ్‌ల ప్రింట్లు, అన్నీ ఆరు సెట్లు.

ఇక ఇచ్చే రోజు. చైర్‌పర్సన్ మేడమ్ లీవ్‌లో ఉన్నారు, ఇన్వార్డ్‌లో, అంటే ఆఫీసులో కాగితాలు తీసుకుని నంబర్ వేసే కౌంటర్‌లో, ఇచ్చి పోమ్మా అన్నారు. కవర్ గమ్‌తో అంటించి ఎర్ర పెన్నుతో కాన్ఫిడెన్షియల్ అని పెద్దగా రాసుకుని వెళ్లాను. నా వెనక మైగ్రేషన్ ఫారాలు పట్టుకుని ఏడెనిమిది మంది అబ్బాయిలు లైన్లో ఉన్నారు.

"సబ్జెక్ట్ ఏందమ్మా?"

"కాన్ఫిడెన్షియల్ సార్, ఐసీసీ మేడమ్‌కి."

"సబ్జెక్ట్ లేకుండ నంబర్ ఎట్ల పడ్తది?" అంటూనే స్టీలు స్కేలు పెట్టి కవర్ చించేశాడు. నేను సార్ సార్ అంటూనే ఉన్నా. మొదటి పేజీ పెదాలు కదుపుతూ చదివాడు, చదివి పక్క సీటాయన్ని పిలిచి, ఇగో ఇటు చూడు, ఈ సారు మీదనే అని పేరు పెట్టి అన్నాడు. లైన్లో వాళ్లు మాట్లాడుకోవడం ఆపేశారు, ఆ నిశ్శబ్దం ఇప్పటికీ చెవుల్లో ఉంది. తర్వాత రిజిస్టర్‌లో నా పేరు, రోల్ నంబర్, పక్కన లైంగిక వేధింపు అని రాసి నా వైపు తిప్పాడు. పెన్ను కౌంటర్‌కి పురికోసతో కట్టి ఉంది, ఆ తాడు పొట్టిది, బాగా వంగితే గానీ సంతకం పెట్టలేం. అలా అందరి ముందు వంగి, ఆ మాట పక్కనే సంతకం పెట్టాను. పైగా "చదువుకునే పిల్లవి, రేపు పెళ్లి గావాలె, ఎందుకమ్మా ఇవన్నీ" అన్నాడు.

రాత్రి మెస్‌లో జూనియర్ ఒకమ్మాయి వచ్చి అక్కా అని ఫోన్ చూపించింది. ఆ రిజిస్టర్ పేజీ ఫొటో. ఎవరు తీశారో తెలీదు, గ్రూపుల్లో తిరుగుతోంది. ఆ సారు చేసిన దానికి నేను ల్యాబ్‌లో వణికాను గానీ ఈ ఫొటోకి నాలుగు రోజులు గది దాటి రాలేదు, స్నానానికి కూడా అందరూ క్లాసులకి వెళ్లాకే వెళ్లా. అమ్మకి ఫోన్ చేసి చదువు మానేస్తానన్నా. "నువ్వేం తప్పు చెయ్యలే బిడ్డా, తల వంచకు" అంది, తెల్లారి మొదటి బస్‌కి నల్గొండ నుంచి వచ్చేసింది. పరువు పరువు అని ఆడపిల్లని నోరు మూసుకోమనే ఇళ్లు ఉన్న చోట మా అమ్మ ఏడో తరగతి చదువుతో ఆ మాట అంది.

ఆ తర్వాతవి పెద్దగా కష్టం కాలేదు. కంప్లైంట్ అందిన 7 రోజుల్లో ఆ సారుకి కాపీ, అది అందాక 10 రోజుల్లో ఆయన జవాబు. నేను గుడ్ మార్నింగ్ సార్ అని పెట్టిన మెసేజ్‌లు తెచ్చి చూపించాడు, కమిటీ పట్టించుకోలేదు. మొదటి సిట్టింగ్‌లో మా డిపార్ట్‌మెంట్ హెడ్, హెచ్‌ఓడీ కూడా కూర్చుని ఉన్నారు. కాలేజీల్లో లైంగిక వేధింపుల మీద యూజీసీ పెట్టిన 2015 రెగ్యులేషన్స్ ప్రింట్ నా చేతిలోనే ఉంది, రిజిస్ట్రార్‌, డీన్‌, హెచ్‌ఓడీ లాంటివాళ్లు కమిటీలో ఉండకూడదు, స్టూడెంట్ల విషయమైతే ముగ్గురు స్టూడెంట్ మెంబర్లు ఉండాలి అని చదివి వినిపించా. ఆయన లేచి వెళ్లిపోయారు. ఈ పని నేనే చేశాను, గర్వంగానే చెప్తున్నా. నా ప్రాజెక్ట్ వేరే మేడమ్‌కి మార్చమని, ఆ సారు ఎదురుగా నన్ను కూర్చోబెట్టొద్దని రాసిచ్చాను, రెండూ ఒప్పుకున్నారు. బయటి నుంచి వచ్చిన ఎన్‌జీవో మెంబర్ "నీళ్లు తాగి నిదానంగ చెప్పు బిడ్డా" అన్నారు, ఆ గదిలో ఆవిడొక్కరే నా మొహం చూసి మాట్లాడారు. 90 రోజుల్లో అయిపోవాల్సింది నాలుగు నెలలు పట్టింది.

ఇవ్వాల్సి వస్తే ఇన్వార్డ్‌లో మాత్రం ఇవ్వకండి. మేడమ్ లీవ్‌లో ఉంటే ఇంకో మెంబర్ చేతికివ్వండి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ముందు హెచ్‌ఓడీకి చెప్పమని ఎవరన్నా అంటే వినకండి, రాజీ చేసుకో అనే మాట అక్కడే మొదలవుతుంది. కమిటీ వేరు, పోలీసులు వేరు, రెండు చోట్లా ఇవ్వొచ్చు. ఆడవాళ్ల కోసం ఉన్న పోలీసు టీమ్‌లు షీ టీమ్స్‌కి ఇవ్వొచ్చు, ఎమర్జెన్సీకి 112 ఉంది, మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. అంతకంటే ఘోరం జరిగితే ముందు హాస్పిటల్‌కి వెళ్లండి, బట్టలు ఉతక్కండి, ప్రైవేట్ అయినా ప్రభుత్వం అయినా వెంటనే ఫ్రీగా చూడాల్సిందే. టూ ఫింగర్ టెస్ట్, అంటే లోపల వేళ్లు పెట్టి చూసే పరీక్ష, చేస్తామంటే ఒప్పుకోకండి, అది చెయ్యకూడదని సుప్రీంకోర్టు 2022లో గట్టిగా చెప్పింది.

రిపోర్ట్ మీద యాక్షన్‌కి 30 రోజుల టైమ్ ఉంది, చూడాలి. కానీ ఆ క్లర్క్ గురించి రిపోర్ట్‌లో ఒక్క అక్షరం లేదు. లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టంలో కంప్లైంట్ వివరాలు బయటపెట్టకూడదని ఉంది, హ్యాండిల్ చేసేవాళ్లు బయటపెడితే 5,000 రూపాయలు వసూలు చెయ్యాలని రూల్స్‌లో ఉంది. ఆ డబ్బు నాకొద్దు. రాత్రి కూర్చుని ఇంకో లెటర్ రాశాను, ఈసారి సబ్జెక్ట్ నేనే రాశా. రేపు పదకొండింటికి అమ్మా నేనూ వెళ్తున్నాం, ఆ రిజిస్టర్‌లో నా పేరు పక్కన రాసిన ఆ రెండు మాటలూ మా ముందే కొట్టేయించి వస్తాం.